ఖార్కివ్‌లో మేనల్లుడు, ఇక్కడ అక్క: ఉన్నది చెప్పేయమంటారా?

యార్డు గుమాస్తా, గుంటూరు (2022 ఫిబ్రవరి 28, రాత్రి 11:40)

మా అక్క కొడుకు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ నాలుగో ఏడు. 24న తెల్లవారుజామున రష్యా బాంబులు మొదలైన దగ్గర్నుంచి మెట్రో స్టేషన్‌లోనే పడుకుంటున్నాడు, నీళ్లు పట్టుకోడానికీ ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోడానికీ తప్ప పైకి రావడం లేదు. అక్కకి ఈ సంగతి తెలియదు. హాస్టల్లోనే ఉన్నాడు, తిండికి లోటు లేదని బావా నేనూ ఐదు రోజులుగా చెప్పుకొస్తున్నాం.

ఇవాళ నేను పనిచేసే మిర్చి యార్డు శని, ఆదివారాల సెలవు తర్వాత తెరిచారు, రేపు శివరాత్రికి మళ్లీ సెలవు, ఇక కాటా దగ్గర కాలు పెట్టే చోటు లేదు. వినుకొండ వైపు నుంచి ఒక పెద్దాయన తేజ రకం మిరపకాయ తెచ్చాడు. పోయినేడు లారీకి ఎత్తిన మనిషి, ఈసారి తామర పురుగు తినగా మిగిలిన తొమ్మిది టిక్కీలు, అంటే బస్తాలు, ఆటోలో వేసుకొచ్చాడు. ఆయన తూకం పట్టీ రాస్తుంటే మెసేజ్ వచ్చింది. "మావయ్యా, పైన గట్టిగా పడుతున్నాయి, ఛార్జింగ్ 14 ఉంది, అందరినీ ఫోన్ చేయొద్దని చెప్పు." తూకం అంకె తప్పు రాసేశాను. పెద్దాయనే చూసి, ఏమైంది అబ్బాయా అన్నాడు. చెప్పాను. పట్టీ పక్కన పెట్టమని, నన్ను టిక్కీ మీద కూర్చోబెట్టి తన సీసాలో నీళ్లు తాగించాడు. పంటంతా పోయి, ఆ కాస్త డబ్బు కోసం పొద్దున్నుంచి నిలబడి ఉన్నాడాయన. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం ఊళ్లో శివరాత్రికి కోటప్పకొండకి లాక్కెళ్లే ప్రభ, ఆ దీపాల ఎత్తు కట్టడం, కడుతున్నారు. ఏటా దగ్గరుండి బల్బులు కట్టించేది నేనే, ఇవాళ చేతులు ఆడలేదు. ఇంటికెళ్తే టీవీలో ఖార్కివ్ చూపిస్తున్నారు, అక్క సౌండ్ తీసేసి చూస్తోంది. వాడి హాస్టల్ ఇటువైపేనా అని అడిగింది. కాదన్నాను.

చెప్పేయమంటారా? ఇంకోటి, కీవ్ పిల్లల్ని రైల్వే స్టేషన్‌కి వెళ్లమన్నారని విని వీడూ బయల్దేరతానంటున్నాడు. వెళ్లమనొచ్చా?

అమ్మాయి నాన్న, పటమట

ముందు రెండోదానికి చెప్తాను, అది ఆలస్యం చేసేది కాదు. కీవ్‌లో ఈ పొద్దున కర్ఫ్యూ ఎత్తేశారు కాబట్టి స్టేషన్‌కి వెళ్లమన్నారు. ఖార్కివ్, సుమీ పిల్లల్ని కర్ఫ్యూ ఎత్తేదాకా స్టేషన్ల వైపు వెళ్లొద్దని మన ఎంబసీ నిన్ననే చెప్పింది. వాడున్న చోటు నుంచి రష్యా సరిహద్దు 40 కిలోమీటర్లే, పడమటి సరిహద్దులు వెయ్యి కిలోమీటర్ల దూరం. ఒంటరిగా కదలొద్దనండి, కదిలితే గుంపుగానే. మా అమ్మాయి వినిత్సియా నుంచి నిన్న రొమేనియాలోకి దాటింది, చలిలో గంటల తరబడి నడిచి, సూట్‌కేసు దారిలో వదిలేసి, పాస్‌పోర్టు మాత్రం స్వెట్టర్ లోపల పెట్టుకుని. ఆ రాత్రంతా మేం ఫోన్ చేయలేదు. రెండు గంటలకోసారి "ఉన్నా" అని ఒక్క మాట పెట్టమన్నాం, అంతే. మీ ఇంట్లో కూడా ఒక్కరే మాట్లాడేలా చూడండి.

గాంధీనగర్, విజయవాడ

అక్కగారికి బీపీ ఉంటే ఇప్పుడే చెప్పకండి, నాలుగు రోజులు ఆగండి. వివరాలు ఇచ్చారా? కలెక్టరేట్ కంట్రోల్ రూమ్‌లోనూ, తాడేపల్లిలో ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీఎస్ వాళ్ల దగ్గరా పేరు, పాస్‌పోర్టు నంబరు, ఇప్పుడున్న చోటు రాయించండి. నలుగురు కేంద్ర మంత్రులు సరిహద్దు దేశాలకి వెళ్తున్నారని ఇవాళ చెప్పారు, విమానాలు పెరుగుతాయి.

నరసరావుపేట నుంచి ఒక తల్లి

తమ్ముడూ, సౌండ్ తీసేసి టీవీ చూస్తున్న తల్లికి ఏమీ తెలియదనుకుంటున్నావా? మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను నిండు గర్భిణిని, భయపడతానని మా వాళ్లు చెప్పలేదు. ఆఖరి మూడు రోజులు పక్కన ఉండలేకపోయాను. ఇరవై ఏళ్లయినా మా అన్నయ్య మీద ఆ కోపం పోలేదు, పైకి అనను గానీ. బీపీ మాత్ర వేయించి, పక్కన కూర్చుని చెప్పు. పటమట అన్నయ్య చెప్పిన ఆ ఒక్కరు మీ అక్కే అవ్వాలి. ఆ మెసేజ్ ఆమె ఫోన్‌కే రావాలి. ప్రభ మానకండి, ఊరంతా మీ పిల్లాడి పేరు చెప్పుకునే లాగుతారు.

యార్డు గుమాస్తా, గుంటూరు (మార్చి 1, ఉదయం 6:20)

రాత్రి ఒంటిగంటకి చెప్పాను. ఏడవలేదు. కింద చలిగా ఉంటుందా, సాక్సులు ఉన్నాయా అని అడిగింది, నాకు తెలియదన్నాను. తెల్లవారాక తనే చీరాల పిన్నితో మొదలుపెట్టి చుట్టాలందరికీ వరసగా ఫోన్ చేసి, పిల్లాడికి ఎవరూ చేయొద్దు, ఏదున్నా నన్నడగండి అని చెప్తోంది. వాణ్ణి కదలొద్దన్నాం, సరేనన్నాడు. ఇందాకే అక్క ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "ఉన్నాను అమ్మా, ఛార్జింగ్ 9" అని. ప్రభ దగ్గర చేదుకో కోటయ్యా అని కేకలు వినిపిస్తున్నాయి, అక్క తల దువ్వుకుంటోంది, కొబ్బరికాయలు తెమ్మంది. వెళ్తున్నాను.