కుటుంబ నికర ఆస్తి లెక్కలో సొంత ఇంటిని చేర్చాలా?

ప్రశ్న: మా దంపతుల ఆస్తులనూ అప్పులనూ ఒకేచోట రాసి, కుటుంబ నికర ఆస్తి (ఆస్తుల్లోంచి అప్పులు తీసివేస్తే మిగిలేది) ఎంతో తేల్చాలనుకుంటున్నాము. నివసిస్తున్న ఇల్లు, దానిపై ఇంకా తీరని రుణం, వాడుతున్న కారు, బీమా పాలసీలను ఏ విలువకు రాయాలో తెలిసినవారు వివరించగలరు.

మొదటి జవాబు: ఇంటిని తప్పక చేర్చండి. అయితే కొన్న ధరకు కాకుండా, ఈ రోజు అమ్మితే ఖర్చులు పోను చేతికి వచ్చే మొత్తానికి రాసి, రుణంలో మిగిలిన అసలును అప్పుల వైపు చూపండి. ఇకపై కట్టవలసిన వాయిదాలన్నింటినీ కూడి అప్పుగా రాయడం సరికాదు, ఎందుకంటే వాటిలో రాబోయే కాలపు వడ్డీ కూడా ఉంటుంది. కారుకు పాత వాహనంగా పలికే ధరే లెక్క. టర్మ్ పాలసీకి, అంటే గడువులోగా మరణిస్తేనే సొమ్ము చెల్లించే బీమాకు సున్నా, పొదుపుతో కూడిన పాలసీకి సరెండర్ విలువ, అంటే పాలసీని ఇప్పుడే వదులుకుంటే కంపెనీ తిరిగి ఇచ్చే మొత్తం రాయాలి.

రెండవ జవాబు: ఇల్లు, దాని రుణం లేకుండా మరో మొత్తాన్ని కూడా పక్కనే రాసుకోండి. ఉద్యోగం పోయిన నెలలో ఇంటి గోడలు ఖర్చులు భరించవు కదా!

మూడవ జవాబు: ఆస్తిని పెంచుకోవాలంటే ముందు చూడవలసింది అప్పుపై వడ్డీ రేటునే. 72ను వడ్డీ రేటుతో భాగిస్తే సొమ్ము రెట్టింపయ్యే ఏళ్లు సుమారుగా తెలుస్తాయి. 8 శాతం రాబడినిచ్చే పెట్టుబడికి 9 ఏళ్లు పడితే, 24 శాతం వడ్డీతో కట్టకుండా వదిలిన క్రెడిట్ కార్డు బాకీ 3 ఏళ్లకే రెట్టింపవుతుంది. అందువల్ల అటువంటి బాకీ ఉండగా కొత్త పెట్టుబడి మొదలుపెట్టడాన్ని నేను సమర్థించను.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. రెండు మొత్తాలనూ ఏటా ఒకే తేదీన రాసుకుంటాము.