డార్ట్‌మూర్ బండలు: మంచు చీల్చిందా, నేలలోనే కుళ్లాయా?

ఉప్పుగాలి:
మా అమ్మాయి ఎక్సెటర్‌లో చదువుతోంది. వేసవిలో వెళ్తే ఇంగ్లండు నైరుతి మూలనున్న డార్ట్‌మూర్ చూపించింది. చెట్టన్నది కనబడని బయలు, గాలి, గొర్రెలు. ఎత్తయిన చోటల్లా ఒకదానిపై ఒకటి పేర్చినట్టు గ్రానైట్ బండలు. అక్కడ వాటిని టార్ అంటారు. హే టార్ దగ్గర బండ సందులో గీకి చూస్తే పలుగురాతి పలుకులు గోళ్లలో ఇరుక్కున్నాయి. ఎలా ఏర్పడ్డాయండి ఇవి? మన విశాఖలో తెలిసినవారు చెప్పండి.

భీమిలి మాస్టారు:
ఎవరూ పేర్చలేదు. చుట్టూ ఉన్నది పోయింది, అవి మిగిలాయి. సుమారు 28 కోట్ల ఏళ్ల కిందట నేల లోతున కరిగిన రాయి గట్టిపడి ఆ గ్రానైట్ అయింది. చల్లారేటప్పుడు కొన్ని, పైబరువు తొలగాక కొన్ని పగుళ్లు పడ్డాయి. 1955లో లింటన్ అనే భూగోళ శాస్త్రవేత్త చెప్పినది ఇది: వెచ్చటి తేమ కాలంలో నీరు ఆ పగుళ్లలోకి దిగి గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టిగా మార్చింది. పగుళ్లు ఒత్తుగా ఉన్నచోట రాయంతా మొరమైంది, ఎడంగా ఉన్నచోట గుండ్లు మిగిలాయి. హిమయుగంలో మొరం జారిపోయి గుండ్లు బయటపడ్డాయి.

రాతి పలక:
గ్రానైట్ కుళ్లుతుందా మాస్టారూ? నేను పలకలు కోయించి అమ్మేవాడిని. మెట్ల మీద మచ్చలు పడ్డాయని, రాయి కుళ్లిందని ఒక బిల్డరు నా సొమ్ము ఎగ్గొట్టాడు. ఇప్పుడు మీరూ అదే పాట. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది, పగుల్లో చేరితే ఎంత బండనైనా చీలుస్తుంది. 1962లో పామర్, నీల్సన్ అనే పరిశోధకులు మంచు పక్షానే వాదించారు. టార్ల చుట్టూ వాలు పొడుగునా చెల్లాచెదురుగా పడిన రాళ్లు ఎక్కడివి మరి?

బాబ్జీ, మర్రిపాలెం:
ఫోటోలు పెట్టండి ఉప్పుగాలి గారూ.

భీమిలి మాస్టారు:
మీ మెట్లకూ కోట్ల ఏళ్లకూ ఏమిటండి సంబంధం? మంచు పని లేదని నేను అనలేదు. మంచు ఎరగని హైదరాబాదు చుట్టుపక్కల అన్ని గుండ్లు ఎలా వచ్చాయి? మా అత్తవారిది నల్లగొండ వైపు. బావి తవ్వుతుంటే పారకు తెగే మొరం నడుమ గుండ్రటి రాయి తగిలేది. దాని పైపొరలు ఉల్లి పొరల్లా ఒక్కొక్కటే చేతికి ఊడివచ్చేవి, లోపలిది మాత్రం సమ్మెటకు లొంగేది కాదు. అంతదూరం ఎందుకు, మన అరకు వైపు గాలికొండ మీది బాక్సైట్, అదే అల్యూమినియం ఖనిజం, ఏమిటి? వెచ్చటి వానలకు ఖోండలైట్ రాయి కుళ్లగా మిగిలినదే కదా.

రాతి పలక:
డార్ట్‌మూర్ గురించి అడిగితే నల్లగొండ బావి చూపిస్తారేమిటి? డార్ట్‌మూర్ అంచునున్న లీ మూర్ గనుల్లో తవ్వే తెల్లమట్టి కూడా ఫెల్డ్‌స్పార్ నుంచి వచ్చినదే. అందులో లోతు నుంచి ఎక్కిన వేడి ద్రవాల పాత్ర పెద్దదని నిపుణుల మాట. అంటే మట్టి కనబడిన చోటల్లా వాన పని అనడానికి లేదు. దీనికి జవాబు చెప్పండి.

కొండవాలు:
ఇద్దరూ రాళ్లు పట్టుకుని కూర్చున్నారు, ఆ బయలు సంగతి ఎవరికీ పట్టలేదు. అది ఒకప్పుడు చాలావరకు అడవి. రాతియుగపు వేటగాళ్లు నిప్పు పెట్టారు. కంచుయుగపు రైతులు చెట్లు కొట్టి, బారులుగా రాతి గట్లు పోసి, పశువులను మేపారు. ఆ గట్లు నేటికీ ఉన్నాయి. చెట్లు పోయాయి, వాతావరణమూ చల్లబడి తేమ హెచ్చింది, నేల నానిపోయింది. ఆ పులుపు నేలలో చచ్చిన నాచు, గడ్డి పూర్తిగా కుళ్లక పీట్‌గా పేరుకున్నాయి. మళ్లీ అడవి లేవకుండా గొర్రెలు మొలకలు కొరికేస్తున్నాయి. అక్కడే విస్ట్‌మన్స్ వుడ్ అని గుండ్ల మధ్య మరుగుజ్జు ఓక్ చెట్ల తోపు ఉంది. పశువు నోరు చేరని సందుల్లో మొలకలు బతికాయి. కాబట్టి బోడి నేలంతా పుట్టు బోడి కాదు.

రాతి పలక:
ఎవరు చేస్తేనేమి, ఇప్పుడు బోడిదే కదా. హే టార్ రాయి 1831లో తెరిచిన లండన్ వంతెనకు వెళ్లింది. ఉత్తినే పడి ఉన్న కొండను వాడుకుంటే పాపమా?

కొండవాలు:
ఇదీ మీ కడుపులో మాట. మా ఇంటి వెనక కొండను కూడా ఉత్త బోడి కొండ అంటూనే తొలిచారు. జోరువాన పడితే ఎర్రమట్టి వంటింటి గడప దాటుతుంది. బియ్యం డబ్బా అటక మీదికి ఎక్కించి, చీపురు పట్టుకుని నిలబడతాను. ఫిర్యాదు చేయబోతే “అక్కడ చెట్లే లేవు కదమ్మా, పోయిందేముంది” అన్నారు. చెట్లు ఎందుకు లేవు? ఏటా వంటచెరుకుకు కొట్టి, తుప్పలకు నిప్పు పెడితే ఎలా ఉంటాయి?

రాతి పలక:
మీ కొండ నేను తవ్వానా? మీ ఇంటి స్లాబులో కంకర ఆకాశం నుంచి రాలిందా?

భీమిలి మాస్టారు:
కంకర వద్దని ఆవిడ అనలేదండి. ఎక్కడ తవ్వాలి, ఎంత వాలు వదలాలి, దిగువన ఎవరున్నారు అని చూడమంటున్నారు. మా భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలనూ కొందరు ఉత్త ఇసుక గుట్టలే అన్నారు. వేల ఏళ్ల గాలీ సముద్రమూ నీరూ పేర్చిన దిబ్బలవి.

రాతి పలక:
దిబ్బల దాకా వెళ్లారు, తెల్లమట్టి దగ్గర మాత్రం ఆగలేదు. వేడి ద్రవాలా, వాన నీరా? ముందు అది తేల్చండి మాస్టారూ, కొండ సంగతి తర్వాత.

కొండవాలు:
మీరు తేల్చుకోండి. మాకు ఈ రాత్రికి మళ్లీ వాన ఉందట.