బకెట్ కంపోస్ట్: అడుగున నీళ్లు, కుళ్లు వాసన. పారేయాలా, బాగుపడుతుందా?

కుండీమొక్క:
20 లీటర్ల ప్లాస్టిక్ బకెట్, మూతకు నాలుగు చిల్లులు, అడుగున ఏమీ లేవు. 12 రోజులుగా రోజుకు అరకిలో దాకా కూరగాయల తొక్కలు, పండ్ల తొక్కలు, టీ పిప్పి పడుతున్నాయి. రెండు రోజులకోసారి పైన గుప్పెడు మట్టి. ఇప్పుడు కింద నల్లటి నీళ్లు, కుళ్లిన గుడ్ల వాసన, మూత తీస్తే చిన్న ఈగలు. ఉన్నది బాల్కనీ ఒక్కటే. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా?

ఎండుటాకు:
పారేయకండి. కుళ్లిన గుడ్ల వాసన వస్తోందంటే లోపల గాలి ఆడడం లేదు. తొక్కల్లో ఎక్కువ భాగం నీరే. అది దిగిపోవడానికి దారి లేక అడుగున నిలిచింది. మట్టి దాన్ని పీల్చుకోలేదు సరికదా, ఉన్న సందులను కూడా పూడ్చేసింది. మీకు కావాల్సింది మట్టి కాదు, ఎండు సరుకు: ఎండుటాకులు, అరచేతంత ముక్కలుగా చింపిన అట్టపెట్టెలు, కొబ్బరి పొట్టు.

మొత్తం ఒక పాత పట్టా మీద కుమ్మరించండి. నల్లనీళ్లు మొక్కలకు పోయొద్దు, కాలువలో పారబోయండి. బకెట్ అడుగున పెన్సిల్ దూరేంత చిల్లులు పది, చుట్టూ జానెడుకొకటి చొప్పున పెట్టండి. రెండు ఇటుకల మీద ఎత్తి, కింద పళ్లెం ఉంచండి. అడుగున నాలుగు వేళ్ల మందాన పుల్లలు పరిచి, ఒక మగ్గు తడి సరుకుకు రెండు మగ్గులు ఎండుది కలిపి తిరిగి నింపండి.

ఆ తర్వాత పిడికిట్లో తీసుకుని గట్టిగా పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఇంకాస్త అట్టముక్కలు వేయాలి, పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. వారానికి రెండుసార్లు అడుగుదాకా తిరగేస్తే చాలు. ఈగలకు మందులేవీ అక్కర్లేదు. తొక్క వేసిన ప్రతిసారీ రెండంగుళాల ఎండుటాకు కప్పండి. మూత తీస్తే తొక్క కంటికి కనిపించకూడదు, అంతే.

కుండీమొక్క:
ధన్యవాదాలండీ. ఆకుల బదులు రంపపు పొట్టు వేయొచ్చా? వండిన మిగుళ్లు, ఎముకల సంగతేంటి?

పొట్టుబస్తా:
రంపపు పొట్టు కొద్దిగానే. పొడిలా ఉంటుంది కాబట్టి తడిస్తే అట్టకట్టి గాలిని ఆపేస్తుంది. పైగా కార్బన్ మరీ ఎక్కువ. కార్బన్, నైట్రోజన్ 25–30కి 1 పాళ్లలో ఉంటే కుళ్లడం చురుగ్గా సాగుతుంది, రంపపు పొట్టులో కార్బన్ వందల రెట్లుంటుంది. ఆకులతో కలిపి, పావు వంతు మించకుండా వాడండి. ప్లైవుడ్, రంగు వేసిన చెక్కల పొట్టు అసలొద్దు. రేపు గుడ్ల వాసన పోయి అమోనియా ఘాటు మొదలైతే మాత్రం జబ్బు వేరు: నైట్రోజన్ ఎక్కువైందని. విచిత్రం ఏంటంటే, రెండింటికీ మందు ఎండుటాకులే.

ఎవరూ అడగని సంగతి ఒకటి, బకెట్ల లెక్క. అరకిలో తొక్కలు సుమారు లీటరు, ఎండుది రెండు లీటర్లు. కుంగగా పోను మీ బకెట్ రెండు మూడు వారాల్లో నిండిపోతుంది. అది మాగడానికి ఇంకో రెండు మూడు నెలలు. కాబట్టి అలాంటివి కనీసం నాలుగైదు కావాలి. ఒక్కదాంట్లోనే పైన కొత్తది వేస్తూ పోతే కింద ఎరువు ఎప్పటికీ తేలదు.

మూతగట్టి:
వండినవి, మాంసం, ఎముకలు ఆ బకెట్‌లో వేయకండి. ఎలుకలొస్తాయి, నూనె సరుకుకు పూతలా పట్టి గాలి ఆడనివ్వదు. వాటికి బొకాషి పద్ధతి ఉంది. ఇది పూర్తిగా తిరగేసిన లెక్క, గాలి చొరబడకూడదు. గట్టి మూత, అడుగున కుళాయి ఉన్న డబ్బాలో ఒక్కో పొర మీద సూక్ష్మజీవులు పట్టించిన తవుడు చల్లి, అదిమి మూసేయాలి. నిండాక రెండు వారాలు ముట్టుకోవద్దు, కుళాయి నుంచి నీళ్లు మాత్రం తీస్తుండాలి. పచ్చడిలా పుల్లటి వాసన వస్తే సరిగ్గా పులిసినట్టు. అప్పటికీ అది ఎరువు కాదు, పులిసిన సరుకే. పెద్ద తొట్టిలో మట్టితో కలిపి రెండు మూడు వారాలు పూడ్చాలి. వెంటనే మొక్క పెడితే ఆ పులుపుకు వేళ్లు దెబ్బతింటాయి. పెద్ద ఎముకలు మాత్రం అందులోనూ కరగవు.

ఎండుటాకు:
బకెట్ ఎరువు అయిందో లేదో తేల్చుకోవాలంటే గుప్పెడు తడిపి జిప్ కవర్‌లో వారం మూసి పెట్టండి. తెరిస్తే మట్టి వాసన రావాలి. ముక్కు ముడుచుకోవాల్సి వస్తే ఇంకో మూడు వారాలు తిరగేయండి.