నీల్ యంగ్ 'ట్రాన్స్': వెనకున్న కథ తెలియకపోయినా నిలబడే ఆల్బమేనా?

పాతటేపులు:
రాక్ గాయకుడు నీల్ యంగ్ అభిమానుల మధ్య నలభై ఏళ్లు దాటినా తెగని పంచాయితీ ఒకటుంది. అది 1982 డిసెంబరు ఆఖర్లో వచ్చిన 'ట్రాన్స్' ఆల్బమ్. గిటారు, మౌతార్గాన్, సన్నగా వణికే గొంతు: వీటితోనే అంత పేరు తెచ్చుకున్న మనిషి ఒక్కసారిగా సింథసైజర్ల వైపు తిరిగి, ఆ గొంతును వోకోడర్ అనే, మాటను సింథసైజర్ శబ్దంతో పలికించే యంత్రంలోకి పంపి, మరమనిషి పాడినట్టు పాడాడు. 1972లో ఆయన 'హార్వెస్ట్' ఆల్బమ్‌ను నెత్తిన పెట్టుకున్నవాళ్లలో చాలామందికి ఇది మింగుడుపడలేదు. తొమ్మిది పాటల్లో ఆరు వోకోడర్ పాటలే మరి.

నా మాట సూటిగా చెప్తాను. గెఫెన్ రికార్డు కంపెనీకి ఆయన చేసిన ఐదు స్టూడియో ఆల్బమ్‌లలో ఇదే గొప్పది. ఆయన మొత్తం జీవితంలో చేసిన మంచి పనుల్లో కూడా దీనికి చోటివ్వాలి.

నేపథ్యం తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా. ఆయన కొడుకు 1978లో సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. మాట రాదు, ఒళ్లు స్వాధీనంలో ఉండదు. తల్లిదండ్రులిద్దరూ రోజులో ఎక్కువ భాగం ఆ పిల్లాడి చేత వ్యాయామాలు చేయించే ఒక కఠినమైన చికిత్సా పద్ధతిలో నెలల తరబడి మునిగిపోయారు. ఆ రోజుల నుంచి పుట్టిందే 'ట్రాన్స్'. పాటల్లో మాటలు వినేవాళ్లకు అర్థం కాకపోవడం, కొడుకు చెప్పాలనుకున్నది తనకు అర్థం కాకపోవడం, రెండూ ఒకటేనని ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకొచ్చాడు. 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్' పాట వినండి. రోజూ పొద్దున్నే ఆ పిల్లాడి కళ్లలోకి చూస్తే తనలో కరెంటు పాకినట్టుంటుందని ఒక తండ్రి పాడుతున్నాడు. ఇంత ఆర్ద్రమైన పాట ఆయన ఆ దశాబ్దంలో ఇంకోటి చేయలేదు.

కృష్ణలంక కుర్రోడు:
పాతటేపులు గారూ, మీరంటే గౌరవం ఉంది కానీ ఈ విషయంలో ఒప్పుకోను. ఆ కథ వింటే ఎవరికైనా మనసు కరుగుతుంది. నాకూ కరిగింది. అయితే కరిగింది కథకు, ఆల్బమ్‌కు కాదు. 1983లో దుకాణంలో ఈ రికార్డు కొనుక్కుని ఇంటికెళ్లినవాడికి ఈ సంగతి ఎవరు చెప్పారు? ఇంటి విషయం బయటపెట్టకూడదని ఆయనే అనుకున్నాడు. అది ఆయన హక్కు. కానీ ఆ రోజు పెదవి విరిచిన శ్రోతను ఈ రోజు మనం 'నీకు అర్థం కాలేదు' అని తప్పుపట్టడం అన్యాయం. వాడు విన్నది విన్నట్టు చెప్పాడు.

ఇంకో మాట. 'వి ఆర్ ఇన్ కంట్రోల్', 'కంప్యూటర్ కౌబాయ్' పాటలకూ ఆ పిల్లాడికీ ఏం సంబంధం? అంతా కంప్యూటర్ల చేతిలోకి పోతోందన్న భయం, అంతే. ఆ భయాన్ని అంతకు ఏడాదిన్నర ముందే, 1981లో, జర్మనీ ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ వాళ్లు 'కంప్యూటర్ వరల్డ్' ఆల్బమ్‌లో ఎంతో పొందికగా చూపించారు. ఒక్క శబ్దం కూడా ఎక్కువ తక్కువ కాకుండా. దాని పక్కన పెడితే 'ట్రాన్స్' తడబడుతూ నడిచినట్టుంటుంది.

కీబోర్డు మాస్టారు:
నేను ఇరవై ఏళ్లకు పైగా ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాను. ఇక్కడ కథ పక్కన పెట్టి శబ్దం గురించే మాట్లాడతాను.

చాలామంది వోకోడర్ అనగానే గొంతుకు వేసే ఎఫెక్ట్ అనుకుంటారు. అసలు జరిగేది వేరు. మైకులో పాడిన శబ్దాన్ని ఆ యంత్రం ఫ్రీక్వెన్సీల వారీగా ముక్కలు చేస్తుంది. ఏ ముక్కలో ఎప్పుడు ఎంత బలం ఉందో కొలిచి, అవే హెచ్చుతగ్గులను సింథసైజర్ శబ్దానికి తొడుగుతుంది. అంటే మనకు వినపడేది సింథసైజరే. దానికి నోరు మాత్రం గాయకుడిది. స్వరం గొంతు నుంచి రాదు, కీబోర్డు మీద నొక్కిన మెట్టు నుంచి వస్తుంది.

ఇప్పుడు నీల్ యంగ్ గొంతులో జనానికి నచ్చేదేమిటి? స్వరం అంచు మీద నిలబడి, పడిపోతుందేమో అనిపించే ఆ వణుకు. వోకోడర్ సరిగ్గా దాన్నే తీసేసింది. అభిమానులకు కోపం రావడంలో వింతేమీ లేదు. కానీ ఒకటి మిగిలింది: మాటను ఎక్కడ పట్టి ఆపుతాడు, ఎక్కడ ఆలస్యంగా అందుకుంటాడు అనే నడక. 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్'లో పై స్థాయిలో రెండు మూడు గొంతులు కలిసి వస్తాయి, హల్లులు అరిగిపోయి అచ్చులు మాత్రమే తేలుతుంటాయి. అయినా ఆ ఊపిరి ఆయనదేనని పోల్చుకోవచ్చు. క్రాఫ్ట్‌వెర్క్‌తో పోలిక ఇక్కడే తేలిపోతుంది. వాళ్లు యంత్రంలా ఉండాలని పూనుకుని ఉన్నారు. ఈయన యంత్రంలో ఇరుక్కుని బయటికి పిలుస్తున్నట్టుంటాడు. డ్రమ్మర్ రాల్ఫ్ మొలీనా లాంటి, ఆయన పాత బ్యాండ్ క్రేజీ హార్స్ మనుషులు ఇందులో వాయించారు, చేతి వాయిద్యం వదులుతనం అంతటా వినిపిస్తుంది. కుర్రోడు గారు తడబాటు అన్నది దాన్నేననుకుంటా. నాకైతే ప్రాణం అక్కడే ఉంది.

'శాంపిల్ అండ్ హోల్డ్' కూడా తీసిపారేయకండి. అది సింథసైజర్‌లో ఒక సర్క్యూట్ పేరు. పాటలో ఒకాయన కళ్ల రంగు, జుట్టు, బరువు అన్నీ చెప్పి తనకో తోడును ఆర్డరిస్తుంటాడు. మ్యాట్రిమోనీ సైట్లలో ప్రొఫైళ్లు వడకట్టే మనకు అది కొత్తగా ఏమీ అనిపించదు. ఆయన రాసింది మాత్రం 80ల మొదట్లో.

రిటైర్డ్ టెలికాం:
మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. వోకోడర్ సంగీతం కోసం పుట్టలేదు. 1930లలో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో హోమర్ డడ్లీ అనే ఇంజనీరు టెలిఫోన్ కోసం దాన్ని తయారుచేశాడు. మాటలోని సారాన్ని మాత్రం తీసి సన్నటి లైను మీద పంపి, అవతల మళ్లీ మాటగా కట్టడం ఉద్దేశం. రెండో ప్రపంచ యుద్ధంలో అదే పద్ధతిని వాడి నాయకుల సంభాషణలు శత్రువు చెవిన పడకుండా దాచారు. మాట చేరవేయడానికి ఒకసారి, దాచడానికి ఒకసారి. మా శాఖలో పనిచేసిన నాకు ఈ ఆల్బమ్ విన్నప్పుడల్లా ఆ రెండు పనులూ కలిసి వినిపిస్తాయి. కొడుకు గురించి చెప్పాలి, చెప్పినట్టు తెలియకూడదు. ఆయనకు అంతకన్నా తగిన పరికరం దొరకదు.

కృష్ణలంక కుర్రోడు:
మాస్టారూ, శబ్దం గురించి మీరు చెప్పింది బాగుంది. అయితే శబ్దం దగ్గరే ఒక ప్రశ్న అడుగుతాను. 1993లో 'అన్‌ప్లగ్డ్' కార్యక్రమంలో ఆయన అదే 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్'ను మామూలు గొంతుతో, అకూస్టిక్ వాయిద్యాలతో పాడాడు. పదేళ్లు దాన్ని పట్టించుకోనివాళ్లు కూడా అప్పుడు 'అరే, ఇంత మంచి పాటా' అనుకున్నారు. అంటే పాట మంచిది, దానికి అడ్డుపడింది వోకోడర్ అనేగా? పాడిన మనిషే వోకోడర్ తీసి పాడాక ఇంకేం సాక్ష్యం కావాలి?

పాతటేపులు:
ఈ వాదన వస్తుందని అనుకుంటూనే ఉన్నాను. 'అన్‌ప్లగ్డ్' పాట నాకూ ఇష్టమే. కానీ రెండూ పక్కపక్కన పెట్టి వినండి. 1993 పాటలో తండ్రి కొడుకు గురించి మనకు చెప్తున్నాడు. మనం విని జాలిపడతాం, చప్పట్లు కొడతాం. 1982 పాటలో తండ్రి కొడుకు ఉన్న చోటికి వెళ్లి అక్కడి నుంచి పాడుతున్నాడు. మాట సగమే బయటికొస్తోంది, మిగతా సగం మనమే పట్టుకోవాలి. ఆ శ్రమ మన చేత పడించడమే ఆ పాట చేసే పని. వోకోడర్ తీసేస్తే పాట అందంగా మారుతుంది, ఆ పని మాత్రం ఆగిపోతుంది.

పదేళ్ల తర్వాత ఆ పాటను విప్పి పాడగలిగాడంటే, మొదట దాచుకుని పాడే చోటు ఒకటి దొరికింది కాబట్టే.

మాటల టీచరు:
ఈ చర్చలోకి రావాలా వద్దా అని ఆలోచించాను. నేను స్పీచ్ థెరపిస్టును. మాట రాని పిల్లలతోనే నా రోజంతా. నాకు రెండు వైపులా చెప్పాల్సింది ఉంది.

ముందుగా అభ్యంతరం. మాట రాని పిల్లాడి గురించి పాడటానికి రోబో గొంతు ఎంచుకున్నారంటే మొదట నాకు కష్టంగానే అనిపించింది. ఆ పిల్లలను యంత్రాలతో, గోడలతో పోల్చేవాళ్లను చూసి చూసి ఉన్నాను. వాళ్ల లోపల ఎవరూ లేరన్నట్టు పెద్దలు వాళ్ల ముందే మాట్లాడతారు. అలాంటి ఆలోచనకు ఈ పాట బలం ఇస్తుందేమోనని భయం.

కానీ పాటలో జరుగుతున్నది అది కాదు. ఆ పాటలో పిల్లాడు మీట నొక్కి అంతటినీ నడిపిస్తాడు. అధికారం వాడిది. నీల్ యంగ్ ఇంట్లో బొమ్మ రైళ్ల కోసం పెద్ద పెద్ద స్విచ్‌లు అమర్చి, కొడుకు తన కదలికతో రైలును నడిపేలా చేశాడన్నది అందరికీ తెలిసిన సంగతే. ఒళ్లు మాట వినని పిల్లాడికి, తాను నొక్కితే దూరంగా ఏదో కదిలిందన్నది చిన్న విషయం కాదు. నా దగ్గరికి వచ్చే పిల్లలు ట్యాబ్ మీద బొమ్మ నొక్కుతారు, ట్యాబ్ 'నీళ్లు' అంటుంది. తెచ్చి ఇచ్చేసరికి వాళ్ల మొహం చూడాలి. ఆ గొంతు యంత్రానిదే. కానీ అడిగింది వాళ్లు. యంత్రం గొంతు అంటే మనిషి లేని గొంతు అని మనం అనుకుంటాం గానీ, ఆ పిల్లలకు అదే సొంత గొంతు.

1986లో ఆయన భార్య పెగీ యంగ్ మరికొందరితో కలిసి కాలిఫోర్నియాలో బ్రిడ్జ్ స్కూల్ పెట్టారు. ఇలాంటి పరికరాలతో పిల్లలకు మాట ఇచ్చే బడి అది. దాని కోసం ఏళ్ల తరబడి కచేరీలు చేశారు. అందుకే ఈ ఆల్బమ్‌ను గెఫెన్ రోజుల విచిత్రాల కింద కలిపేస్తే నేను ఒప్పుకోను.

మొదటి పోస్టులో చెప్పిన ఆ చికిత్సా పద్ధతిని అమెరికా పిల్లల వైద్యుల సంఘమే తప్పుబట్టింది. ఇది చదువుతున్న తల్లిదండ్రులెవరూ దాని వెంట పడొద్దని కోరుతున్నాను.

కృష్ణలంక కుర్రోడు:
టీచరు గారూ, మీరు చెప్పిన ట్యాబ్ సంగతి నాకు ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు. ఆ పాటను మళ్లీ వింటాను, మాటిస్తున్నాను. బ్రిడ్జ్ స్కూల్‌కు చేతులెత్తి దణ్ణం. కానీ బడి గొప్పతనం ఆల్బమ్ ఖాతాలో వేయలేం కదండీ.

'ట్రాన్స్'కు ఇంత సానుభూతి రావడానికి ఇంకో కారణం కోర్టు కేసు. 'ట్రాన్స్', ఆ తర్వాత 1983లో వచ్చిన 'ఎవ్రీబడీస్ రాకిన్' రెండూ ఆయన తరహా సంగీతం కావని, వ్యాపారానికి పనికిరావని గెఫెన్ కంపెనీ 33 లక్షల డాలర్లకు దావా వేసింది. కళాకారుడి మీద 'నువ్వు నీలా లేవు' అని కేసు పెట్టడం దారుణం, అందులో రెండో మాట లేదు. కానీ కంపెనీ తప్పు చేసిందంటే ఆల్బమ్ ఒప్పయిపోదు. 'ట్రాన్స్' అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో 19వ స్థానం దాకా వెళ్లిందన్నది కూడా మరిచిపోతున్నాం. ఎవరూ వినకుండా తొక్కేసిన ఆల్బమేం కాదు. విన్నారు, చాలామందికి నచ్చలేదు.

కొత్తచెవులు:
నాకు ఇరవై రెండేళ్లు. మీరంతా దేనికి గొడవపడుతున్నారో నాకు నిజంగా అర్థం కావట్లేదు. ఆటోట్యూన్ లేని పాట మా తరం ఎక్కడ విన్నది? మన తెలుగు సినిమా పాటల్లో కూడా ఇప్పుడు గొంతు మెరుగు పెట్టకుండా వదలరు. 'కంప్యూటర్ ఏజ్' నాకు విన్న వెంటనే నచ్చింది. కథ తర్వాత తెలిసింది, అసలు నీల్ యంగ్ పాత పాటలు ఆ తర్వాతే విన్నాను. కుర్రోడు అన్న అడిగిన ప్రశ్నకు నేనే జవాబు: కథ తెలియకుండా విన్నాను, నిలబడింది. 1989లోనే సోనిక్ యూత్ బ్యాండ్ ఆ పాటను మళ్లీ చేసింది. అంటే అప్పటికే దాని విలువ పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

'లైక్ యాన్ ఇంకా' మాత్రం నావల్ల కాలేదు. అంత పొడుగు పాట అక్కడెందుకు?

పాతటేపులు:
మంచి చోట వేలు పెట్టారు తమ్ముడూ. ఆల్బమ్‌కు అసలు చేటు చేసింది వోకోడర్ కాదు, ఆ మూడు పాటలు. 'లిటిల్ థింగ్ కాల్డ్ లవ్', 'హోల్డ్ ఆన్ టు యువర్ లవ్', 'లైక్ యాన్ ఇంకా'. ఇవి హవాయిలో రికార్డు చేసిన వేరే ఆల్బమ్‌వి. ఆ ప్రయత్నం మధ్యలో ఆగిపోతే వీటిని తెచ్చి ఇందులో కలిపారు. పైగా మొదటి పాటే అందులోది! హాయిగా సాగే ప్రేమపాట విని కుదురుకున్న శ్రోత మీద రెండో పాటలో వోకోడర్ వచ్చి పడుతుంది. అప్పుడు అది తమాషాలా, వేషంలా వినపడదా మరి. ఆరు పాటలూ వరసగా వినండి, అవే మెత్తబడతాయి. నా ఫోన్‌లో ఎప్పటి నుంచో అలాగే పెట్టుకున్నాను.

రిటైర్డ్ టెలికాం:
'లైక్ యాన్ ఇంకా'ను తీసేస్తానంటే మాత్రం ఊరుకోను. యంత్రాల మధ్య అన్నిసార్లు పిలిచి పిలిచి, చివరికి మామూలు గొంతు, గిటారు, తొమ్మిది నిమిషాలకు పైగా. ఆ పాట లేకపోతే ఊపిరాడదు.

కృష్ణలంక కుర్రోడు:
చూశారా, ఇక్కడే నా బాధంతా. ఆల్బమ్‌ను సమర్థించేవాళ్లే దాన్ని ఆరు పాటలుగా కుదించి వింటున్నారు. ఇంకొకరు అందులో వోకోడర్ లేని పాటనే పట్టుకుని ఊపిరి అంటున్నారు. 'ట్రాన్స్‌ఫార్మర్ మ్యాన్' గొప్ప పాట. 'కంప్యూటర్ ఏజ్', 'శాంపిల్ అండ్ హోల్డ్' మంచివి, మాస్టారు చెప్పిన తర్వాత రెండోది ఇంకా బాగా వినిపిస్తోంది. కానీ 1967లో తన తొలి రోజుల బ్యాండ్ బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్‌తో చేసిన 'మిస్టర్ సోల్'ను మళ్లీ తెచ్చి వోకోడర్‌లో ముంచడం దేనికి? అది కొడుకు గురించీ కాదు, కంప్యూటర్ల గురించీ కాదు. ఎవరైనా దానికి కారణం చెప్పండి, వింటాను.

కీబోర్డు మాస్టారు:
అది పేరు ప్రఖ్యాతుల బరువు గురించి ఇరవై రెండేళ్ల లోపు కుర్రాడు రాసుకున్న పాట. జనం తన నుంచి ఏదో ఒకటే ఆశిస్తుంటే కలిగే ఉక్కిరిబిక్కిరి. సరిగ్గా ఆ జనమే తన గొంతు కోసం ఎదురుచూస్తున్నప్పుడు, ఆ గొంతు లేకుండా అదే పాట పాడాడు. రేపు సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక రెండు రికార్డింగ్‌ల తాళం నడకలు పోల్చి చూసి రాస్తాను, కుర్రోడు గారు. 1967 దాంట్లో గిటారు చేసిన పనిని 82లో ఏది చేస్తోందో మీరూ ఈలోపు విని ఉంచండి.