డెంగీ రోజుల్లో కాలనీ గ్రూపులో వైద్యం మెసేజ్‌లు ఆపేయాలా?

కాలనీ అడ్మిన్:
హైదరాబాద్‌లో మా కాలనీ వాట్సాప్ గ్రూపు నడుపుతున్నాను. వానలు పడ్డప్పటి నుంచి రోజూ ఇదే గొడవ. బొప్పాయి ఆకు రసం తాగితే ఒక్క రాత్రిలో ప్లేట్‌లెట్లు లక్ష దాటతాయని ఒకరు, మేకపాలు పట్టమని ఒకరు, కివీ పండ్లు తినిపించమని ఇంకొకరు. కింద ఎవరో డాక్టర్ పేరుంటుంది, ఆయన ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. డాక్టర్లు కానివాళ్ళు జబ్బుల గురించి ఏం పెట్టినా తీసేస్తానని నియమం పెడదామనుకుంటున్నాను. కొందరు సరే అన్నారు, కొందరు మా నోరు నొక్కుతున్నావంటున్నారు. మీరేమంటారు?

మలక్‌పేట మాస్టారు:
తీసేయ్ నాయనా, ఆలోచించకు. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసంతో కరోనా వస్తుందని ఫోన్లలో తిరిగింది గుర్తుందా? కేటీఆర్, ఈటల రాజేందర్ లాంటి మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఈలోగా కోళ్ళ రైతు మునిగిపోయాడు. ఫార్వర్డ్ చేసినవాళ్ళకు పైసా నష్టం లేదు. వైద్యం చదివినవాళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి.

గుంటూరు అక్క:
నేను ఒప్పుకోను మాస్టారూ. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా రెండో వేవ్‌లో, ఆసుపత్రి మంచం ఎక్కడ ఖాళీగా ఉందో, ఆక్సిజన్ సిలిండర్ ఎక్కడ దొరుకుతుందో మాకు చెప్పింది ఈ గ్రూపులే. హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలిసేది కాదు. అలా సాయం అడిగినవాళ్ళ మీద పుకార్ల పేరుతో కేసులు పెడితే కోర్టు ధిక్కారంగా చూస్తామని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న గట్టిగా చెప్పింది. ఇప్పుడైనా "మా లైనులో ముగ్గురికి డెంగీ" అని పెట్టేది డాక్టర్ కాదు, పక్కింటివాళ్ళు. ఆ మాట తీసేస్తే దోమల మందు కొట్టేవాళ్ళను ఎవరు పిలుస్తారు?

ల్యాబ్ తమ్ముడు:
రక్తపరీక్షల పనిలో ఉన్నాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

డాక్టర్లే మాట్లాడాలంటే ఒక చిక్కుంది మాస్టారూ. రెండో వేవ్‌లో కరోనా తగ్గినవాళ్ళ ప్లాస్మా కావాలని గ్రూపులన్నీ హోరెత్తాయి కదా, ఆ చీటీలు రాసిచ్చింది డాక్టర్లే. ప్లాస్మా ఎక్కించినందువల్ల జబ్బు ముదరడమూ చావులూ తగ్గలేదని కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సొంత పరిశోధనలోనే 2020లో తేలింది. చికిత్స మార్గదర్శకాల్లోంచి దాన్ని తీసేసింది మాత్రం 2021 మే 17న. అందాకా డిగ్రీ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసే పరిగెత్తారు. అందుకని పంపింది ఎవరని కాదు, అది చదివిన మనిషి ఏం చేస్తాడని చూడాలి.

డెంగీలో రిపోర్టు చేతికివ్వగానే అందరూ అడిగేది ప్లేట్‌లెట్లు ఎన్ని అనే. అదే కాగితం మీద పీసీవీ అని, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా ఎంతో చెప్పే ఇంకో అంకె ఉంటుంది, దాన్ని అడిగేవాళ్ళు అరుదు. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం. రక్తం చిక్కబడి పీసీవీ పెరుగుతుంది, తర్వాత బీపీ పడిపోతుంది. ఇది జ్వరం మండిపోతున్నప్పుడు కాదు, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య జ్వరం దిగేటప్పుడు జరుగుతుంది. ఇంట్లోవాళ్ళు "హమ్మయ్య" అనుకునేదీ సరిగ్గా అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలోంచి రక్తం, మనిషి మగతగా పడిపోవడం, మూత్రం తగ్గడం కనిపిస్తే ప్లేట్‌లెట్లు లక్ష ఉన్నా సరే ఆసుపత్రికి పరిగెత్తాలి. రక్తస్రావం లేకుండా మనిషి నిలకడగా ఉంటే 30,000కు పడినా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదు. రక్తస్రావం లేనప్పుడు 10,000 కంటే దిగువకు పోతేనే ఎక్కించాలని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గ్రూపుల్లో 50,000 అనగానే దాతల కోసం వేట మొదలవుతుంది. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ హడావిడిలో చూడాల్సిన మనిషిని ఎవరూ చూడరు.

ఉప్పల్ వదిన:
మా అత్తయ్యకు పోయినేడు డెంగీ వస్తే ఆకు రసమే పట్టాం. రెండు రోజుల్లో ప్లేట్‌లెట్లు పెరిగాయి. కళ్ళారా చూసింది అబద్ధమంటావా తమ్ముడూ?

ల్యాబ్ తమ్ముడు:
మీరు చూసింది నిజమే వదినా. కాకపోతే ఆ గండం గడిచాక రసం తాగనివాళ్ళకూ ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. బాగా పడిపోయినప్పుడు భయపడి రసం పడతాం, పెరిగే సమయమూ అదే కాబట్టి పేరు రసానికి వస్తుంది. ఆకు రసంతో అంకె కొంచెం త్వరగా పెరిగిందన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, ప్రాణాలు నిలిచాయని తేల్చినవి లేవు. ఇంకొకటి, ఆ చేదుకు వాంతి అయితే అది రసం వల్లా జబ్బు ముదిరినందువల్లా అన్నది ఇంట్లో ఎలా తెలుస్తుంది? అత్తయ్యగారికి పట్టారని మిమ్మల్ని తప్పుపట్టను. "రసం ఉందిగా, ఆసుపత్రి ఎందుకు" అన్న మెసేజ్‌తోనే నా పోట్లాట.

మలక్‌పేట మాస్టారు:
బాగానే చెప్పావు. కానీ ఈ అడ్మిన్ ఎలక్ట్రికల్ షాపు నడుపుకునే మనిషి. రోజుకు వచ్చే మెసేజ్‌లలో ఏది నిజమో ఎలా తేలుస్తాడు?

ల్యాబ్ తమ్ముడు:
నిజమో కాదో తేల్చక్కర్లేదు మాస్టారూ. టెస్టు వద్దు, ఆసుపత్రి వద్దు, ఫలానా మందు వేసుకో అనే మెసేజ్ ఎవరు పెట్టినా, ఎంబీబీఎస్ అయినా సరే, తీసేయాలి. డెంగీలో ఒళ్ళునొప్పులకు బ్రూఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోమనడం ప్రమాదం, రక్తస్రావం పెరుగుతుంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. ఫలానా ఇంట్లో జ్వరం, ఫలానా చోట నీళ్ళు నిలిచాయి అన్నవి ఉంచాలి.

గుంటూరు అక్క:
ఇంటి నంబరు మాత్రం వద్దు, లైను చెబితే చాలు. కరోనాలో పాజిటివ్ వచ్చిన ఇంటికి పాలు పోయడం మానేసినవాళ్ళను చూశాను.

కాలనీ అడ్మిన్:
అక్క మాట బాగుంది, ఇంటి నంబర్లు ఉండవు. తమ్ముడు చెప్పిన ప్రమాద లక్షణాలను గ్రూపులో పైన పిన్ చేస్తున్నాను, మన పీహెచ్‌సీ డాక్టరమ్మకు చూపించాకే. తీసేసిన ప్రతి మెసేజ్ ఎందుకు తీశానో కింద ఒక లైను రాస్తాను.

మలక్‌పేట మాస్టారు:
నా అభిప్రాయం మారలేదు, డాక్టర్లు కానివాళ్ళు మందుల ఊసెత్తకపోవడమే మేలు. రెండు వారాలు నీ పద్ధతి నడిపి చూడు. ఈలోపు 4వ లైనులో కడుతున్న ఇంటి సంపు మూత లేకుండా ఉంది, ఆ మేస్త్రీకి ఎవరైనా చెప్పండి.

కాలనీ అడ్మిన్:
సాయంత్రం నేనే వెళ్తాను మాస్టారూ. డ్రమ్ములు వారానికోసారి ఒంపేయడమే కాదు, లోపలి అంచులు పీచుతో రుద్దాలని కూడా గ్రూపులో పెడుతున్నాను. దోమ గుడ్లు అక్కడే అతుక్కుంటాయట.

ల్యాబ్ తమ్ముడు:
అవును అన్నా, ఆ గుడ్లు నీళ్ళు లేకపోయినా నెలల తరబడి చావవు. సంపుకి మూత దొరక్కపోతే దోమతెర గుడ్డ బిగించి కట్టినా చాలు.