పాత అంబాసిడరా, మారుతి 800నా?

ప్రశ్న
మా పెదనాన్నగారి 1996 నాటి అంబాసిడర్, 1.8 లీటర్ల ఇసుజు పెట్రోల్ ఇంజిన్‌ది, పెరట్లో ఊరికే ఉంది. దాన్ని బాగుచేయించుకోవాలా, లేక తెలిసినవారు అమ్ముతున్న 2005 నాటి మారుతి 800 కొనాలా అన్నది తేలడం లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలను వారానికోసారి తెనాలి నుంచి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లడమే ప్రధానమైన అవసరం.

మొదటి సమాధానం
ఈ రెండూ ఒకే కోవకు చెందిన బండ్లు కావండి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు నమూనా మీద తయారైన అంబాసిడర్‌లో ఇంజిన్ వెనుక చక్రాలను తిప్పుతుంది, వెనుక కమాన్ కట్టలు (ఉక్కు పట్టీల స్ప్రింగులు) ఉంటాయి కాబట్టి గతుకులను అది నిదానంగా మింగేస్తుంది. 796 సీసీ, మూడు సిలిండర్ల మారుతి ముందు చక్రాలతో నడిచే తేలికపాటి బండి. సందుల్లో సులువుగా తిరుగుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది.

రెండవ సమాధానం
మోకాళ్ల నొప్పులంటున్నారు కనుక నా ఓటు అంబాసిడర్‌కే. మా అమ్మగారు అందులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకునేవారు. మారుతిలోనైతే గుంతలోకి దిగినట్టే ఉండేది. అయితే ఖర్చు పెట్టే ముందు డ్రైవరు కాళ్ల కింది మ్యాట్ ఎత్తి, రేకును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. స్క్రూడ్రైవరు లోపలికి దిగిందంటే రేకు తుప్పు తినేసినట్టే, ఇంజిన్ ఎంత బాగున్నా ఆశ వదులుకోవలసిందే.

మూడవ సమాధానం
రెండు బండ్లకూ పదిహేనేళ్లు దాటాయి. రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఎప్పటివరకు ఉందో ముందు ఆర్‌సీలో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు
మ్యాట్ ఎత్తి చూశానండి. ఎడమవైపు రేకు గట్టిగానే ఉంది, కుడివైపు బొటనవేలంత చిల్లు కనిపించింది. రేపు వెల్డింగ్ చేసే ఆయనకు చూపిస్తాను.