పాస్టరు గారు మారుతున్నారు: మే నెల పెళ్లిళ్లు ఎవరు జరిపించాలి?

అందరికీ వందనాలు. మాది బెంగళూరులో సొసైటీగా రిజిస్టరైన స్వతంత్ర తెలుగు క్రైస్తవ సంఘం, ఏ డయోసిస్ (బిషప్ పరిధి) కిందా లేదు. పాస్టరు గారు మార్చి ఆఖరుకు రిటైరవుతారు, కొత్తవారు గుంటూరు నుంచి వస్తున్నారు. మేలో రెండు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాం.

చిక్కంతా అక్కడే. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద పెళ్లిళ్లు జరిపించే లైసెన్సు పాస్టరుకి ఇస్తారు, సంఘానికి కాదు. కొత్తవారికున్నది ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చినది, కాబట్టి ఇక్కడ పనికిరాదు. కర్ణాటకలో ఈ మధ్య తీసుకున్నవారు చెప్పండి: దరఖాస్తు ఎక్కడ, ఏ కాగితాలు, ఎన్నాళ్లు పట్టింది? పోనీ పెళ్లి నోటీసు పని మార్చి మొదట్లోనే పాత పాస్టరు గారితో కానిచ్చేద్దామంటే, నోటీసు మీద ఆయన ఇచ్చే సర్టిఫికెట్ 2 నెలలు దాటితే చెల్లదు. రిటైరయ్యాక కూడా ఆయనే వచ్చి జరిపిస్తే అభ్యంతరమా?

ఇంకోటి. జరిగిన పెళ్లిళ్లకి సంబంధించి వివాహ రిజిస్టరులో నెలలోపు చింపి జిల్లా వివాహ రిజిస్ట్రారుకి పంపాల్సిన సర్టిఫికెట్ ఆకులు రెండు ఇంకా పుస్తకానికే అతుక్కుని ఉన్నాయి. ఆలస్యానికి వివరణ రాసి పంపితే సరిపోతుందా?

బ్యాంకు సంగతి కొంత తెలుసు: తీర్మానం, కొత్త సంతకందారుల కేవైసీ, సర్వసభ్య సమావేశమైన 14 రోజుల్లో సొసైటీల రిజిస్ట్రారుకి కమిటీ జాబితా. కానీ కానుకల పెట్టె మీది క్యూఆర్ స్టిక్కరు పాస్టరు గారి సొంత నంబరుది. వీడ్కోలు ఆరాధనకి ముందే పీకేయాలి, లేకపోతే ఏప్రిల్ కానుకలూ ఆయన ఖాతాకే పోతాయి. ఆయన నొచ్చుకోకుండా ఈ మాట పెద్దల్లో ఎవరు ఎత్తితే బాగుంటుంది?